పైనుంచి తగిలిన దెబ్బ

"నిచ్చెన మీంచి పడ్డారు. అవునాండీ?"

"అవునండీ."

"ఆదివారం సాయంత్రం అయిదుంపావుకి."

"అవునండీ."

"మీ గోడౌన్లోనే."

"మరెక్కడ పడతానండీ, పక్కవాళ్ళ గోడౌన్లోనా?"

మాణిక్యాంబ నవ్వలేదు. నోటుబుక్కులో టైము రాసుకుంది. బుధవారం, తొమ్మిదీ నలభై. భీమవరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, రెండో అంతస్తు, ఏడో నంబరు గది.

మంచం మీదున్న పల్లంరాజు రొయ్యల మేత డీలరు. యాభై రెండేళ్ళవాడు, మంచానికి అటూ ఇటూ చోటు మిగల్చని మనిషి. కుడిచెయ్యి మెడకు వేలాడదీసిన పట్టీలో ఉంది. ఎడమకాలు మోకాలి కిందనుంచి కట్టుతో రెండు దిండ్లమీద ఉంది. కాల్లో ప్లేటు వెయ్యాలి, రేపు పొద్దున్నే ఆపరేషన్. భార్యాభర్తలిద్దరి పేరునా ఉన్న ఆరోగ్య బీమా ఇతనికి వర్తిస్తుందా లేదా అన్నది తేల్చి, ఇవాళ సాయంత్రం అయిదింటిలోగా ఇన్సూరెన్సు కంపెనీకి రిపోర్టు పంపడం మాణిక్యాంబ పని.

ఆవిడ ముప్పై రెండేళ్ళు ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుగా చేసి, హెడ్ నర్సుగా రిటైరైంది. రిటైరైన రెండో నెలలో బ్రాంచి మేనేజరు రాజమండ్రిలో ఆవిడ ఇంటికి వచ్చి, దొంగ క్లెయిములు పట్టుకోవడానికి ఒక డిటెక్టివ్ కావాలన్నాడు. "డ్యూటీ ఎగ్గొట్టి స్టోర్ రూములో నిద్రపోయే వార్డుబాయ్‌లని పట్టుకున్నదాన్ని, ఇదేం పెద్ద పనండీ" అని ఒప్పుకుంది. ఈ ఆరేళ్ళలో రెండు గోదావరి జిల్లాల్లోనూ ఆవిడ పేరు ఎంత పాకిందంటే, ఆవిడ వార్డులోకి వస్తోందని తెలిస్తే చాలు, అవసరం లేని కట్లు వాటంతటవే ఊడిపోతాయి.

పల్లంరాజు కట్లు మాత్రం అవసరమైనవే. ఎక్స్‌రే చూసింది. అబద్ధం ఎముకల్లో లేదు, నిచ్చెనలో ఉంది.

"మీ గోడౌన్నించి ఇక్కడికి ఎంతసేపండీ?"

"పది నిమిషాలండి."

"మీరిక్కడికి వచ్చింది అయిదూ ఇరవై అయిదుకని కింద రిజిస్టర్లో రాశారు. సరిగ్గా సరిపోయింది."

పల్లంరాజు ఊపిరి వదిలాడు.

"దానికిందే నర్సమ్మ ఇంకోటి రాసింది. ఎడమ చెవిలో ఇసుక, జుట్టులో గవ్వముక్కలు అని. గోడౌన్లో ఇసుక ఎక్కడిదండీ?"

"అదీ... మేత బస్తాల్లోంచి రాలిందేమోనండి."

"ఓహో." ఆవిడ పైకి చదువుతూ రాయడం మొదలుపెట్టింది. "మేతలో... ఇసుక... ఉంటుందని... డీలరు గారే స్వయంగా..."

"ఆగండాగండి!" పల్లంరాజు లేవబోయి, భుజం కలుక్కుమని మళ్ళీ పడ్డాడు. "పంతొమ్మిదేళ్ళుగా వ్యాపారం చేస్తున్నానండీ! నా మేతలో ఇసుకుందని ఒక్క చెరువు రైతు చేత అనిపించండి, ఈ రెండో కాలు కూడా విరగ్గొట్టుకుంటాను!"

"అయితే ఆ ఇసుక బయటిదే."

"ముమ్మాటికీ బయటిదే!"

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. కిటికీ పక్క కుర్చీలో బత్తాయి వలుస్తున్న అతని భార్య అమ్మాజీ చేతిలో తొక్క అలాగే ఆగిపోయింది. నలభై ఆరేళ్ళ సన్నటి మనిషి. మాణిక్యాంబ వచ్చినప్పటినుంచీ నమస్కారం తప్ప ఇంకో మాట అనలేదు.

"ఇంకో సందేహమండీ," అంది మాణిక్యాంబ. "నిచ్చెన మీంచి పడ్డవాళ్ళని నేను వందమందిని చూశాను. మడమలో, మణికట్టులో, నడుములో విరుగుతాయి. దెబ్బ కిందనుంచి వస్తుంది కాబట్టి. మీకు కాలర్ బోన్ విరిగింది. భుజం మీద అరికాలంత మేర కమిలింది. ఆ బరువుకి కాలు మడతపడి కింద ఎముక విరిగింది. అంటే దెబ్బ పైనుంచి తగిలింది. నిచ్చెన మీరెక్కారా, నిచ్చెనే మిమ్మల్ని ఎక్కిందా?"

"...రెండూ అయ్యుండొచ్చండి."

అప్పుడు తలుపు తోసుకుని ఉదయ్‌భాస్కర్ వచ్చాడు.

హైదరాబాదు డిటెక్టివ్ ఏజెన్సీ మనిషి. ముప్పై ఏళ్ళుంటాయి. తలమీద నల్లకళ్ళద్దాలు, నడుముకి రెండు సెల్‌ఫోన్లు. బ్రాంచి ఆఫీసు మాణిక్యాంబని పంపితే, పైఆఫీసు అతన్ని పంపింది. కొట్టేయించిన క్లెయిములతోనే అతనికి పేరొచ్చింది. ఏలూరులో ఒక కేసులో చనిపోయాడని అతను తేల్చిన మనిషికి మాణిక్యాంబ స్వయంగా ఇంజెక్షన్ చేసి కూర్చోబెట్టింది. అప్పటినుంచీ ఇద్దరికీ పడదు.

"కష్టపడకండి మేడమ్," అన్నాడు. "కేసు అయిపోయింది."

మంచం మీద ఒక ఫోటో పెట్టాడు. వెనక సముద్రం. ముందు పల్లంరాజు, ఒంటినిండా పారాచూట్ పట్టీలు, మొహం నిండా నవ్వు. మూలన నారింజ రంగులో తేదీ: 2005 ఫిబ్రవరి 13, టైము 16:01.

"ఆదివారం, పేరుపాలెం బీచ్. అక్కడ ఫోటోలు తీసే కుర్రాడి స్టూడియోలో దొరికింది. జీపుకి తాడుకట్టి పారాచూట్ ఎగరేస్తున్నారు అక్కడ. మన పాలసీలో ఏముంది మేడమ్? ప్రమాదకరమైన వినోద క్రీడల్లో పాల్గొనడం వల్ల తగిలిన గాయాలకు బీమా వర్తించదు. ఎగిరాడు, పడ్డాడు, నిచ్చెన అన్నాడు. క్లెయిమూ పోయింది, అబద్ధం చెప్పినందుకు పాలసీ కూడా పోతుంది."

పల్లంరాజు కళ్ళు మూసుకున్నాడు.

"ఆయన ఎగర్లేదండీ!" అంది అమ్మాజీ.

"అమ్మాజీ, నువ్వూరుకో," అన్నాడు పల్లంరాజు కళ్ళు తెరవకుండానే.

మాణిక్యాంబ ఫోటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని నిమిషంసేపు చూసింది.

"ఉదయ్‌భాస్కర్ గారూ, ఈ నడుము బెల్టు చూశారా? ఇటు కొసకీ అటు కొసకీ మధ్య జానెడు పొట్ట ఉంది. బెల్టు పెట్టుకోకుండా మనిషిని పైకి లేపుతారా?"

"ఫోటో తర్వాత బలవంతంగా పెట్టుంటారు."

"ఆ పొట్టకి బలవంతం పనిచేస్తుందా?"

పల్లంరాజు కళ్ళు తెరిచాడు. పొట్టని కాపాడుకోవాలో క్లెయిముని కాపాడుకోవాలో తేలక మళ్ళీ మూసుకున్నాడు.

"క్లెయిము ఫారం మీద సంతకం చేశారాండీ?" అని అడిగింది మాణిక్యాంబ.

"చెయ్యి లేవట్లేదు కదండీ. పాలసీ కట్టించిన ఏజెంటే నింపుకుని పట్టుకెళ్ళాడు. సంతకం తర్వాత చేద్దురుగాని అన్నాడు."

"చెయ్యకండి." ఆవిడ లేచింది. "ఉదయ్‌భాస్కర్ గారూ, మీ కారులో పేరుపాలెం పోదాం. బస్సు కోసం చూస్తే నాకు మధ్యాహ్నమైపోతుంది."

"నా కారులోనా?"

"వదిలేసి వెళ్తారా? నేను వెళ్ళేలోపు మీరు సాక్షులతో ఏం మాట్లాడారోనని రిపోర్టులో రాయాల్సొస్తుంది."

*

పదకొండుంపావుకి బీచ్ చేరారు. వారం మధ్యలో కాబట్టి జనం లేరు. సరుగుడు చెట్ల కింద టాపు లేని పాత జీపు, దాని వెనక మడతపెట్టిన ఎర్రటి పారాచూట్, ఒక బరువు తూచే మిషను, ఒక బల్ల. బల్ల దగ్గర జీపు యజమాని, డ్రైవరు, పారాచూట్ మాస్టరు, అన్నీ తానే అయిన ఆశీర్వాదం కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. వాళ్ళని చూసి లేచి నిలబడ్డాడు.

"ఎగురుతారాండీ?"

"రిజిస్టరు తియ్యి," అన్నాడు ఉదయ్‌భాస్కర్.

ఆశీర్వాదం మొహంలో రంగు మారింది. ఐనా తీశాడు. ఆదివారం పేజీలో రెండు వరుసలు మాణిక్యాంబకి కావలసినవి.

4-02. పల్లంరాజుగారు. 104 కిలోలు. వద్దు.

4-10. పల్లంరాజుగారు. 58 కిలోలు. ఎగిరారు. 200 అడుగులు.

"చూశారా!" ఉదయ్‌భాస్కర్ రెండో వరుస మీద వేలుపెట్టాడు. "పల్లంరాజు. ఎగిరారు. ఇంకేం కావాలి మేడమ్?"

"ఎనిమిది నిమిషాల్లో నలభై ఆరు కిలోలు తగ్గారా? అదేం మందో కనుక్కుని నాక్కూడా చెప్పండి."

"మిషను పాడైపోయి ఉంటుంది."

మాణిక్యాంబ చెప్పులు వదిలి మిషను ఎక్కింది. అరవై ఏడు. "నేను ఇంట్లో అరవై ఏడే. మీరెక్కండి."

ఉదయ్‌భాస్కర్ ఎక్కాడు. ఎనభై ఒకటి.

"చెప్పానా! నేను డెబ్బై నాలుగు. ఇది తప్పు చూపిస్తోంది."

"ఎక్కినవాళ్ళంతా అదే అంటారండి," అన్నాడు ఆశీర్వాదం.

మాణిక్యాంబ బల్ల దగ్గర కూర్చుంది. ముప్పై రెండేళ్ళపాటు వార్డుల్లో కొత్త నర్సుల్ని దారికి తెచ్చిన గొంతు తీసింది.

"ఆశీర్వాదం, చెప్పు. వంద దాటినవాళ్ళని ఎగరేస్తావా?"

"తొంభై దాటితే ఎగరెయ్యనండి. రాజుగారు పట్టీలు కట్టుకుని ఫోటో కూడా తీయించుకున్నారండి. మిషను చూసి వద్దన్నాను. అందరిముందూ చిన్నబోయారండి. అప్పుడు పక్కనున్న ఆవిడ 'నేనెక్కనా' అని అడిగారండి."

"ఆవిడంటే?"

"రాజుగారి భార్యండి. ముందు నవ్వులాటకన్నారనుకున్నాను. కాదండి. కొంగు నడుముకి చుట్టి, చెప్పులు విప్పి వచ్చి నిలబడ్డారు. చీటీ రాజుగారి పేరున రాసుంది కదా అని రిజిస్టర్లో అదే పేరు రాసేశానండి."

ఉదయ్‌భాస్కర్ వేలు రిజిస్టరు మీదనుంచి మెల్లిగా జారింది.

మాణిక్యాంబ లేచి ఇసుకలోకి నడిచింది. జీపు చక్రాల గాడి సముద్రం పక్కనే తిన్నగా పోయి, ఒకచోట గట్టువైపు మళ్ళింది. అక్కణ్ణించి పదడుగుల్లో ఒక ఇనప గుంజ, దానికి గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ.

"ఇక్కడేనా?"

"ఆయ్. పైకి బాగానే లేచారండి. అరిచారు కూడా. భయపడి కాదండి, సంతోషంతో. దింపుదామని జీపు నెమ్మది చేస్తుంటే గాలి తిరిగిపోయింది. నీళ్ళవైపు దిగాల్సినావిడ గట్టువైపు వచ్చేస్తున్నారు. రాజుగారు కింద పరిగెత్తుకుంటూ వచ్చి చేతులు చాపి నిలబడ్డారండి. 'తప్పుకోండి రాజుగారూ, విరిగిపోతారు' అని అరిచాను. 'అది మా ఆవిడయ్యా!' అంటూ ఇంకా సరిగ్గా కిందకే వచ్చారండి."

"ఆవిడ పాదం ఆయన భుజం మీద పడింది."

"ఆయ్. ఆయన కుప్పకూలిపోయారు."

"అదిగో!" అన్నాడు ఉదయ్‌భాస్కర్, మళ్ళీ ప్రాణం వచ్చినట్టు. "దిగుతున్న మనిషిని పట్టుకోవడం కూడా ఆటలో భాగమే. అంటే ఆయన కూడా పాల్గొన్నట్టే. క్లెయిము రాదు."

"ఏమండీ, పైనుంచి పెళ్ళాం పడుతుంటే చేతులు చాపడం ఆట కాదు. కాపురం."

"పాలసీలో కాపురం అన్న మాట లేదు."

"మినహాయింపుల్లోనూ లేదు. ఆయన ఎగరలేదు, ఆయన్ని ఎగరనివ్వలేదు. ఒడ్డున నిలబడ్డ మనిషి మీద ఇంకొకరు పడ్డారు. కొబ్బరికాయ పడితే ఇస్తారా ఇవ్వరా?"

"ఇస్తారు."

"భార్య పడితే?"

ఉదయ్‌భాస్కర్ తలమీది నల్లకళ్ళద్దాలు కళ్ళకి దించుకున్నాడు. అతనికి పెళ్ళి కాలేదు.

మాణిక్యాంబ నోటుబుక్కు మూయబోతూ ఆశీర్వాదాన్ని అడిగింది. "మరి ఆవిడకేం కాలేదా?"

"ఆవిడ రాజుగారి మీంచి దొర్లి వచ్చి ఈ గుంజకి కొట్టుకున్నారండి. కాసేపు ఊపిరాడలేదు. తర్వాత ఏం లేదంటూ లేచారు. నలుగురం పట్టి రాజుగారిని కారు వెనకసీట్లో పడుకోబెడితే, ఆవిడే నడుపుకుంటూ భీమవరం తీసుకెళ్ళిపోయారండి."

"గుంజ ఎక్కడ తగిలింది?"

"ఎడమ డొక్కలోనండి. పక్కటెముకల కింద."

మాణిక్యాంబ చేతిలో పెన్ను ఆగింది. ఎడమ డొక్క. ఇనప గుంజ. ఆదివారం నుంచి బుధవారం. అలాంటి దెబ్బకి లోపల ప్లీహం చిట్లి, మూడునాలుగు రోజులు రక్తం నెమ్మదిగా ఊరి, ఒక్కసారిగా బద్దలయ్యేవాళ్ళని ఆవిడ చూసింది. వాళ్ళలో ఇద్దరు నడుచుకుంటూ వార్డుకొచ్చారు. నడుచుకుంటూ వెళ్ళింది ఒక్కరే.

"ఫోన్ ఇవ్వండి."

"నా ఫోన్లో సిగ్నల్..."

"రెండున్నాయిగా! ఏదో ఒకటి పనిచెయ్యదూ?"

రెండోది పనిచేసింది. అవతల ఏడో నంబరు గది నర్సు దొరికేదాకా మాణిక్యాంబ ఇసుకలో నిలబడి అరిచింది. "ఆ పేషెంటు కాదమ్మా, పేషెంటు భార్య! నాడి చూడు, బీపీ చూడు. పడుకోబెట్టు. మంచినీళ్ళు కూడా ఇవ్వకు. సర్జన్ని పిలు!"

అవతలి గొంతు ఏదో చెప్పింది. మాణిక్యాంబ ఫోను ఉదయ్‌భాస్కర్ చేతిలో పెట్టి కారువైపు నడవడం మొదలుపెట్టింది, ఆ వయసులో ఎవరూ నడవనంత వేగంగా.

"ఏమంది?" వెనక పరిగెత్తుతూ అడిగాడతను.

"గదిలో లేదట. మందులు కొనుక్కొస్తానని కిందికి వెళ్ళిందట."

*

పన్నెండూ ముప్పై అయిదు. ఉదయ్‌భాస్కర్ దారిపొడుగునా హారన్ మీద చెయ్యి తియ్యలేదు. మొగల్తూరు దగ్గర ఒక ధాన్యం ట్రాక్టరు దారి ఇవ్వకపోతే దిగి మరీ దెబ్బలాడాడు. "ఇంత తొందరెందుకయ్యా" అని ట్రాక్టరువాడంటే, "క్లెయిము కొట్టెయ్యాలి" అని అలవాటుగా అనేసి, తర్వాత నాలిక కరుచుకున్నాడు.

అమ్మాజీ ఆసుపత్రి మెట్ల మధ్యలో కూర్చుని ఉంది. చేతిలో మందుల సంచి; బజార్లో నాలుగు షాపులు తిరిగి అప్పుడే వచ్చింది. నర్సు పక్కన నిలబడి లేవమని బతిమాలుతోంది.

"నాకేం లేదండీ," అంది అమ్మాజీ. పెదాలు తెల్లగా ఉన్నాయి. "మెట్లెక్కితే కొంచెం ఆయాసం. ఎడమ భుజం లాగుతోంది, అంతేనండి."

"భుజానికి దెబ్బ తగిలిందా?"

"లేదండీ."

పొట్టలో రక్తం చేరితే నొప్పి ఎడమ భుజంలో తేలుతుంది; దెబ్బ తగలని భుజం లాగుతోందంటే మాణిక్యాంబకి ఇంకేమీ చెప్పక్కర్లేదు. నాడి పట్టుకుంది. నూట ఇరవై దాటి, దారంలా ఉంది. ఎడమ డొక్క మీద చెయ్యి ఆనించగానే అమ్మాజీ మొహం మెలితిరిగింది.

"స్ట్రెచరు!"

ఆ కేకకి మూడో అంతస్తు నుంచి కూడా మనుషులు దిగారు.

సర్జన్ స్కాన్ చేసి ఒక్క మాట అన్నాడు. "పొట్టలో లీటరుకు పైగా రక్తం ఉంది. ఇప్పుడే తెరవాలి."

మాణిక్యాంబ కాగితం తీసుకుని ఏడో నంబరు గదిలోకి వెళ్ళింది. విషయం వినగానే పల్లంరాజు విరిగిన కాలితో దిగబోయాడు. ఇద్దరు వార్డుబాయ్‌లు పట్టుకున్నారు. మంచంతో సహా తోసుకుపోదామంటే మంచం గుమ్మంలో పట్టలేదు.

"నిచ్చెన లేదండీ!" అని అరిచాడతను, కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే. "మా గోడౌన్లో అసలు నిచ్చెనే లేదు! పారాచూట్ అన్నమాట వినపడితే ఏమీ రాదని ఏజెంటు చెప్పాడండీ. అబద్ధమాడింది నేను. దానికేం తెలీదు. ఎక్కడ సంతకం పెట్టాలి? ఎడంచేత్తో పెడతాను. ఎన్ని కావాలంటే అన్ని పెడతాను!"

ఆపరేషనుకి ఒప్పుకున్నట్టు ఒక సంతకం, జరిగింది జరిగినట్టు చెప్పిన వాంగ్మూలం మీద ఒక సంతకం. రెండూ తేలు పాకినట్టున్నాయి. రెండో కాగితం మీద సాక్షిగా ఉదయ్‌భాస్కర్ కూడా సంతకం పెట్టాడు. ఎవరూ అడగలేదు.

థియేటరు తలుపు దగ్గర అమ్మాజీ మాణిక్యాంబ చెయ్యి పట్టుకుంది.

"ఎందుకు చెప్పలేదమ్మా మూడు రోజులూ?"

"నాకు నొప్పంటే ఎక్కడ పడ్డావని అడుగుతారు కదండీ. అదంతా బయటికొస్తే ఆయన కాలు..." ఊపిరి తీసుకుంది. "ఇప్పుడాయనకి వస్తుందాండీ?"

"వస్తుంది. ఆయన ఎగరలేదు. నేను రాస్తాను."

"మరి నాది?"

మాణిక్యాంబ ఆ మనిషికి ఆ సమయంలో అబద్ధం చెప్పగలదు. ముప్పై రెండేళ్ళలో తలుపు దగ్గర ఎందరికో చెప్పింది. ఈసారి చెప్పలేదు.

"నీది రాదమ్మా. నువ్వు ఎగిరావు. అది ప్రమాదకరమైన క్రీడే. రాదని నేనే రాయాలి."

అమ్మాజీ తల ఊపింది. బాధపడినట్టు లేదు.

"ఎందుకు రాదో కూడా రాస్తారాండీ?"

"రాయాలిగా."

"అయితే సరిగ్గా రాయండి. నాకు డ్రైవింగ్ వచ్చన్నా మావాళ్ళు సగంమంది నమ్మరు. ఇదసలు నమ్మరు." గొంతు సన్నబడింది. "ఎగిరాను అని రాయండి. రెండు వందల అడుగులు."

తలుపులు మూసుకున్నాయి.

మూడుంపావుకి సర్జన్ బయటికొచ్చాడు. ప్లీహం తీసేశారు, రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాణ్ణన్నాడు. ఏడో నంబరు గదిలోంచి వినిపించిన ఏడుపు ఎంత పెద్దదంటే, కొత్తగా వచ్చిన పేషెంట్లు ఏం జరిగిందోనని భయపడ్డారు.

నాలుగున్నరకి కారిడార్లో బెంచీ మీద కూర్చుని మాణిక్యాంబ రిపోర్టు పూర్తిచేసింది. మొదటి క్లెయిము: పల్లంరాజు, క్రీడలో పాల్గొనలేదు, బీమా వర్తిస్తుంది. రెండోది: అమ్మాజీ, భార్య, వర్తించదు. కారణం దగ్గర నాలుగు వాక్యాలు రాసింది.

ఉదయ్‌భాస్కర్ ఆవిడ భుజం మీదనుంచి చదివాడు.

"పారాచూట్‌లో ఎగిరింది అంటే చాలు కదా మేడమ్. ఎత్తు ఎందుకు? ఫారంలో ఆ కాలమ్ లేదు."

"లేకపోతే గీసుకోండి," అని, మాణిక్యాంబ '200 అడుగులు' కింద పెన్నుతో గట్టిగా ఒక గీత గీసింది.